ఓడుచున్న జట్టులో పిన్నవారికి చోటు

ఒక జట్టు వరుసగా ఓడిపోవుచున్నప్పుడు అందులోని పిన్నవయస్కులను ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మన పాఠశాల మైదానమునందును పుట్టును. జీతములిచ్చి ఆటగాండ్రను పోషించు పెద్ద జట్లయందును పుట్టును. రెండు చోట్లను సామాన్యముగా వచ్చు సమాధాన మొక్కటే. "ముందు పెద్దవారిని ఆడించి గెలువనిండు, పిల్లల సంగతి తరువాత చూచుకొందము" అందురు. ఈ మాట మాకు సరియని తోచుట లేదు. గెలుచుచున్న జట్టును కదల్చుటకు ఎవరును ఇష్టపడరు గనుక అందులో క్రొత్తవానికి చోటుండదు. ఓడుచున్న జట్టులో ధైర్యము చాలక ఇయ్యరు. ఇక వాడు ఆడుట ఎన్నడు?

హాకీనే తీసికొందము. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో భారత పురుషుల జట్టు ఆడిన ఆరు పందెములలోను ఓడి, పండ్రెండు జట్లలో పండ్రెండవదిగా నిలిచినది. ఎనిమిది స్వర్ణపతకములు గడించిన దేశమునకు అది ఎంతటి తలవంపో వేరుగ చెప్పనక్కర లేదు. ఆ జట్టులో మన్‌ప్రీత్ సింగ్ అను ఇరువదేండ్ల యువకుడుండెను. కేరళనుండి వచ్చిన శ్రీజేష్ అను ఇరువదినాలుగేండ్ల గోల్‌కీపరుండెను. నాటి కెప్టెను భరత్ ఛెత్రీయు గోల్‌కీపరే యగుటచేత శ్రీజేష్ ఒక పెద్దవాని ప్రక్కన నిలిచి నేర్చుకొనుచున్న వాడన్నమాట. ఆ ఓటమికి కినిసి వీరిద్దరినీ ఇంటికి పంపియుండినచో ఏమగునో ఊహింపుడు. తొమ్మిదేండ్ల తరువాత, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో భారతదేశము జర్మనీని 5-4 గోల్సుతో ఓడించి, 1980 తరువాత మొదటిసారిగా హాకీలో పతకము పొందినది. నాటి కెప్టెను మన్‌ప్రీత్. ఆఖరి క్షణములలో జర్మనీవారి పెనాల్టీ కార్నరును నిలిపినవాడు శ్రీజేష్. 2024లో పారిస్ నగరమున మరల కంచు పతకము వచ్చిన పిదప అతడు ఆట విరమించి, దేశపు జూనియర్ జట్టునకు శిక్షకుడాయెను. అతనికి గోల్‌కీపరు సామగ్రి కొనుటకై తండ్రి ఆవును అమ్మెనట. పాడి విలువ యెరిగిన మన తల్లిదండ్రులకు ఆ త్యాగమెంతటిదో మేము చెప్పవలసిన పని లేదు.

మహిళల జట్టు కథయు ఇట్టిదే. ముప్పదియారేండ్ల ఎడబాటు తరువాత 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు వెళ్లి, ఐదు పందెములలో ఒక్కదానిని మాత్రము సమముగా ముగించి, తక్కిన నాలుగింట ఓడి అదియు చిట్టచివరనే నిలిచినది. టోక్యోకు వెళ్లిన పదునారుగురిలో ఎనమండుగురు రియోలో ఆడినవారు, ఎనమండుగురు ఒలింపిక్ క్రీడలకు క్రొత్తవారు. ఈ సగపాలు లెక్కను మన ఉపాధ్యాయులు గమనింతురు గాక! అక్కడ మొదటి మూడు పందెములలోను వారు ఓడిరి. వేసిన గోల్సు రెండు, తిన్నవి పదునొకండు. మరొక జట్టయినచో అంతటితో చెదరిపోవును. వారు ఐర్లండును 1-0తో, దక్షిణాఫ్రికాను 4-3తో గెలిచి, పిమ్మట ఆస్ట్రేలియావంటి మేటి జట్టును 1-0తో ఓడించి సెమీఫైనలు చేరిరి. చివరకు దక్కినది నాలుగవ స్థానమే యైనను, మొన్నటి పండ్రెండవ స్థానము ఎక్కడ, ఈ నాలుగు ఎక్కడ!

ఇందువలన కుఱ్ఱవారిని గుంపుగా మైదానములోనికి త్రోసిన చాలునని మేము చెప్పుచున్నామని ఎవరును తలపరాదు. పదుగురు క్రొత్తవారిని ఒక్కమారు దింపి, ఏడెనిమిది గోల్సు తిన్న తరువాత "చూచితిరా, వీరింతే" యనుట శిక్షణ కానేరదు. అది పిల్లలను బలియిచ్చుట. హాకీ ఆటలో ఒక గొప్ప సౌలభ్యము కలదు. ఫుట్‌బాలులో ఒకమారు బయటికి వచ్చినవాడు సామాన్యముగా తిరిగి లోనికి పోజాలడు. హాకీలో ఆటగాండ్రను ఎన్నిమారులైనను మార్చవచ్చును. బయటికి వచ్చినవాడు మరల పోవచ్చును. పదునైదేసి నిమిషముల నాలుగు భాగములుగా నేటి పెద్ద పందెములు సాగును. కావున తెలిసిన శిక్షకుడు పదునాలుగేండ్ల బాలుని నాలుగు నిమిషములు ఆడించి, బయటికి పిలిచి, "ప్రతిపక్షపు నడిమి వరుసవాడు నీ ఎడమకు జరిగినప్పుడు నీవేల నిలిచిపోతివి?" అని అడిగి, మరల పంపగలడు. పాఠమునకును పరీక్షకును నడుమ రెండు నిమిషముల ఎడము మాత్రమే యుండును. తరగతిలో నైనను ఇంతటి సదుపాయము లేదు! దీనిని వాడుకొనని శిక్షకుడు ఆటలో సగము వదలుకొన్నట్లే.

వాడిని ఎక్కడ నిలుపవలెనన్నదియు ఆలోచింపదగినదే. పెనాల్టీ కార్నరు సమయమున బంతికి ఎదురుగా పరుగెత్తు పని క్రొత్తవానికి ఇయ్యరాదు; అది అపాయము. ముందు వరుసలో ఒక ప్రక్కన నిలిపి, వెనుక నొక అనుభవజ్ఞుని ఉంచినచో, తప్పు చేసినను సరిదిద్దువాడుండును. తప్పు చేసిన మరుక్షణమే బయటికి లాగివేయుట మాత్రము కూడదు. అట్లు చేసినచో బాలుడు బంతిని చూచుట మాని శిక్షకుని ముఖమును చూచుట మొదలిడును.

ఇక జీతపు జట్ల మాట. ఏడేండ్ల విరామము తరువాత 2024 డిసెంబరులో మరల మొదలైన హాకీ ఇండియా లీగులో ప్రతి జట్టునకు ఇరువదినలుగురు ఆటగాండ్రు. అందు కనీసము పదునారుగురు భారతీయులు, వారిలో నలుగురు జూనియర్లు ఉండవలెనని నియమము చేసిరి. నియమము మంచిదే. కాని పట్టికలో పేరుండుట వేరు, మైదానములో నిమిషములు దక్కుట వేరు. జూనియర్లు ఆడిన నిమిషములను ప్రతి జట్టును ప్రకటింపవలెనన్నచో ఆ నియమమునకు ప్రాణము వచ్చునని మా యభిప్రాయము. ఆ పోటీలో తెలుగు నగరముల పేరిట రెండు జట్లుండెను. హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఫైనలు వరకు వెళ్లి బెంగాలు జట్టు చేతిలో ఓడినది. విశాఖపట్టణమునకు చెందిన గోనాసిక జట్టు సెమీఫైనలు చేరలేకపోయినది. పురుషుల పందెము లన్నియు రూర్కెలాలోను రాంచీలోను జరిగినందున విశాఖ బాలురు తమ జట్టును తమ యూర చూడలేకపోయిరి. ఇది మాకు విచారకరముగా నున్నది. అంతకు పూర్వము 2005లో ప్రీమియర్ హాకీ లీగు మొదటి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. ఆ లీగు 2008తో ఆగిపోయినది. నేడు ఆ జట్టు పేరు చెప్పగల విద్యార్థులెందరు?

మన ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. అది భాష. కామసముద్రపు బిడ్డ ఇంట తెలుగు, బజారున కన్నడము, కొంత తమిళము విని పెరుగును. మైదానములో నొకరు "ముందె హోగు" అందురు. పై మెట్టునకు పోయినచో "ఆగే జావో" అని వినిపించును. అర్థము చేసికొనుటకు పట్టు ఆ అరక్షణములో బంతి పోవును. "ఈ పిల్లవాడు మందబుద్ధి" యన్న పేరు మిగులును. కన్నడము మన రాష్ట్రభాష, దానిని చక్కగా నేర్చుకొనుట మన విధి. అయినను భాష రానివానిని ఆట రానివానిగా ఎంచుట అన్యాయము. ఈ విషయమున మిజోరమునకు చెందిన లాల్‌రెమ్‌సియామి కథ మన బాలికలందరు తెలిసికొనదగినది. దేశపు శిబిరమునకు వచ్చిన క్రొత్తలో ఆమెకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. సైగలతో నెట్టుకొని వచ్చినది. తోడి క్రీడాకారిణులు కొంచెము కొంచెముగా భాష నేర్పిరి. 2019లో హిరోషిమాలో పోటీ జరుగుచుండగా తండ్రి మరణవార్త వచ్చినను జట్టును విడువక ఫైనలు ఆడినది. ఆ సంవత్సరమునకు ప్రపంచ హాకీ సమాఖ్య ఆమెను మహిళలలో ఉత్తమ వర్ధమాన క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది. భాష రాదని ఆమెను మొదటి నెలలోనే త్రిప్పి పంపియుండినచో నష్టపోయెడివారెవరు?

ఇంతకంటె దగ్గరి ఉదాహరణము కావలెనన్న, సరిహద్దు దాటిన చాలును. అప్పటి చిత్తూరు జిల్లాలోని యనమలవారిపల్లెనుండి వచ్చిన ఏటిమరపు రజని గోల్‌కీపరుగా దేశపు జట్టున చేరినది. సవిత వంటి మేటి గోల్‌కీపరు ముందుండగా ఏండ్ల తరబడి రెండవ స్థానముననే వేచియుండినది. 2018 ఆసియా క్రీడలలో వెండి పతకము పొందిన జట్టులో నొకతె. 2024లో ఓమానులో జరిగిన ఐదుగురి హాకీ ప్రపంచకప్పులో కెప్టెనుగా జట్టును ఫైనలు చేర్చినది. వేచియుండుట కూడ శిక్షణలో భాగమే. కాని వేచియున్నవారికి ఎవరైనను అప్పుడప్పుడు "నీ వంతు వచ్చును" అని చెప్పవలెను గదా!

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడినప్పటినుండి మన వైపు కొలువులతోపాటు కొలువు చూపి ఆటగాండ్రను చేరదీయు ఆశయు సన్నగిల్లినది. "ఆటవలన అన్నము వచ్చునా?" యని తల్లిదండ్రులు అడిగినచో వారిని తప్పుపట్టజాలము. పదవ తరగతి రాగానే కఱ్ఱ మూలబెట్టించుటకు కారణమదియే. మా విన్నపము ఇంతే: ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో నున్న రెండేండ్లైనను బిడ్డను ఆడనిండు. జట్టు ఓడినదని మానిపింపకుడు. దేశపు హాకీ శిబిరములు జరుగు బెంగళూరు మనకు రైలు దూరమే.

ఉపాధ్యాయులకు మేమొక సూచన చేయుచున్నాము. వచ్చు తాలూకా పోటీలలో మన జట్టున కనీసము మువ్వురు ఎనిమిదవ తరగతివారుండవలెను. గెలుపైనను ఓటమియైనను ఒక్కొక్కరికి పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ ఆట దక్కవలెను. ఆడిన నిమిషములను ఒక నోటుపుస్తకములో వ్రాసి, పందెము ముగిసిన మరునాడు ప్రకటనల పలకపై పెట్టవలెను. వారితో తెలుగులో మాటలాడు పై తరగతి విద్యార్థి నొకనిని ప్రక్కన ఆడింపవలెను. గోల్‌కీపరు కాళ్లకట్టులు మనకు ఒక్క జతయే యున్నందున రెండవ బాలుడు అభ్యాసమునకు నోచుకొనుట లేదు. రెండవ జతకై చందా ఇయ్యగల పెద్దలు వ్యాయామోపాధ్యాయులను కలసికొనవచ్చును.