నేలకు జబ్బు చేస్తే వైద్యం ఉందా?



ఈ పత్రికలో మామూలుగా బీపీ, షుగరు, బాలింతల జాగ్రత్తలు, పిల్లల టీకాల గురించి వ్రాస్తుంటాము. ఈసారి నేల గురించి, నూతి నీళ్ల గురించి వ్రాస్తున్నాము. ఇది ఆసుపత్రి పత్రికలో వ్రాయవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. అవుననే మా అభిప్రాయం. మనం త్రాగే నీరు బోరు నుండో, చంపావతి ఇసుకలో నుండో వస్తుంది. నేలలో పోసినది ఏదో ఒక రోజు బిందెలోకి వస్తుంది. బిందెలోకి వచ్చినది మా వార్డుకు వస్తుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. మన కుటుంబాల్లోని పిల్లలు చాలామంది పైడిభీమవరంలోను, పరవాడలోను మందుల కంపెనీల్లో పనిచేస్తున్నారు. వారి తల్లిదండ్రులు ఓపీకి వచ్చినప్పుడు మమ్మల్ని అడుగుతుంటారు, "సిస్టరమ్మా, నేల పాడైపోయినా ఇప్పుడు కొత్త మిషన్లతో శుభ్రం చేసేస్తారంట కదా?" అని. ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం అవసరమనుకుంటున్నాము. జవాబు ఇది: కొంతవరకు శుభ్రం చేయవచ్చు. అయితే అది ఐ.సి.యు. వైద్యం వంటిది. ఖర్చెక్కువ, కాలమెక్కువ, పూర్తిగా నయమవుతుందన్న హామీ తక్కువ. ఐ.సి.యు. ఉంది కదా అని ఎవరూ పిల్లలకు టీకాలు మానిపించరు. నేల విషయంలో మాత్రం మనం అదే పని చేస్తున్నాము.

పటాన్‌చెరులో ఏమి జరిగింది?

హైదరాబాదు ప్రక్కన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో 1970ల నుండి మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వచ్చాయి. వాటి నుండి వచ్చిన నీరు వాగుల్లో, చెరువుల్లో కలిసింది. నక్కవాగు ద్వారా మంజీర వైపు పోయింది. పొలాలు, నూతులు పాడయ్యాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఊళ్ల పక్షాన ఏళ్ల తరబడి పోరాడిన వారిలో అక్కడే వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఒకరు. కోర్టు ఆదేశాలతో ఆ గ్రామాలకు బయటి నుండి మంచినీరు ఇవ్వవలసి వచ్చింది. కేసు హైకోర్టుకు, అక్కడి నుండి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి, 2017లో తీర్పు వచ్చింది. అంటే 27 ఏళ్లు. కేసు వేసిన రోజున పుట్టిన బిడ్డకు ఈలోగా పెళ్లీడు వచ్చింది.

ఇందులో మనం గమనించవలసినది ఇంకొకటుంది. అక్కడ శుద్ధి చేసే ప్లాంటు లేక కాదు. 1994 నుండే దాదాపు 90 కంపెనీల మురుగునీటిని శుద్ధి చేయడానికి ఉమ్మడి ప్లాంటు ఉంది. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్, ఆయన తోటి పరిశోధకులు ఆ ప్లాంటు శుద్ధి చేసి బయటకు వదిలిన నీటిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. వార్డు లెక్కలో చెప్పాలంటే, మేము రోగికి ఇచ్చే 500 మిల్లీగ్రాముల మాత్రను ఒక బకెట్టు నీటిలో, అంటే సుమారు 16 లీటర్లలో, కరిపినట్టు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మందు కంటే ఆ కాలువ నీటిలో ఎక్కువ ఉంది. రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీటితో పోతోందని వారు అంచనా వేశారు. అది 90 వేల మాత్రలకు సమానం.

ఇలా ఎందుకు జరిగింది? ఆ ప్లాంటు మురికిని సూక్ష్మజీవుల చేత తినిపించే పద్ధతిది. వాటి పని బాగా జరగడానికి ఊరి మురుగునీటిని కూడా కలిపేవారు. మలమూత్రాల్లోని సూక్ష్మజీవులు, యాంటీబయాటిక్ ఒకే తొట్టిలో రాత్రింబవళ్లు కలిసి ఉంటే ఏమవుతుంది? మందుకు చచ్చేవి చచ్చిపోతాయి. మందును తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి. తమకున్న ఆ శక్తిని ప్రక్కవాటికి కూడా అందిస్తాయి. ఈ రోజు వార్డుల్లో మూత్రంలో ఇన్ఫెక్షను, టైఫాయిడ్ వంటి మామూలు జబ్బులు కూడా మామూలు మందులకు లొంగడం లేదు. దానికి ముఖ్య కారణం మందుల్ని మనం ఇష్టం వచ్చినట్టు వాడడమే. కానీ కాలువల్లో పోసిన మందు కూడా ఆ పాపంలో భాగస్వామే.

ఇప్పుడున్న వైద్యాలు

నేలను, నేలలోని నీటిని శుభ్రం చేసే పద్ధతులు ఈ 30, 40 ఏళ్లలో చాలా వచ్చాయి. మా వృత్తి భాషలో వాటిని ఇలా చెప్పుకోవచ్చు.

మొదటిది, వేరు చేసి ఉంచడం. అంటువ్యాధి రోగిని ప్రత్యేక వార్డులో ఉంచినట్టు, విషపదార్థాన్ని తవ్వి తీసి, అడుగున గట్టి బంకమన్ను, మందపాటి ప్లాస్టిక్ షీటు పరచిన గొయ్యిలో పెట్టి పైన మూసివేస్తారు. లోపల ఊరే నీటిని గొట్టాలతో తోడి శుద్ధి చేస్తారు. చుట్టూ నూతులు త్రవ్వి, కారుతోందేమో పరీక్షిస్తుంటారు. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లోను, మనకు దగ్గరగా పరవాడలోను ఇటువంటి కేంద్రాలు ఉన్నాయి. ఇందులో విషం పోదు, కాపలాలో ఉంటుంది. కాపలా ఎన్నాళ్లు అంటే, గొయ్యి ఉన్నన్నాళ్లు.

రెండవది, భూగర్భ జలాన్ని తోడి, బొగ్గు వడపోతలతో శుద్ధి చేయడం. వినడానికి తేలికగా ఉంటుంది. కానీ విషం బంకమట్టిలో ఇంకిపోయి ఉంటుంది. చీము తీసిన పుండు మళ్లీ ఊరినట్టు, పంపు ఆపగానే నీటిలోకి తిరిగి దిగుతుంది. అందుకే ఇటువంటి పంపులు దశాబ్దాల తరబడి నడుపుతున్న చోట్లు లోకంలో ఎన్నో ఉన్నాయి.

మూడవది, నేలలోనే మందు వేయడం. పుండ్లు కడగడానికి, నూతిలో వేయడానికి మన పెద్దలు వాడిన పొటాషియం పర్మాంగనేటునే నేలలోకి పంపి కొన్ని ద్రావకాలను విరగగొడతారు. ఇంకొక పద్ధతిలో నీరు పారే దారికి అడ్డంగా కందకం త్రవ్వి ఇనుప రజను నింపుతారు. నీరు అందులో నుండి పోతూ పోతూ శుభ్రపడుతుంది. 1991లో కెనడాలో దీన్ని మొదటిసారి నేలలో పెట్టి చూశారు. కరెంటు లేదు, పంపు లేదు. అయితే కొన్ని రకాల ద్రావకాలకు, క్రోమియం వంటి కొన్ని లోహాలకు మాత్రమే పనికివస్తుంది.

నాలుగవది, సూక్ష్మజీవుల చేత తినిపించడం. మన దేశంలో టెరీ సంస్థ తయారుచేసిన 'ఆయిల్ జాపర్' అనే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని చమురు పడిన నేలల మీద వాడుతున్నారు. చమురుకు ఇది మంచి మందు. సీసానికి, పాదరసానికి కాదు. లోహాన్ని ఏ సూక్ష్మజీవీ తిని అరిగించుకోలేదు.

ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క మందు ఉన్నట్టే, ఒక్కొక్క విషానికి ఒక్కొక్క పద్ధతి. అన్నిటికీ పనిచేసే మాత్ర లేదు. ముందు పరీక్ష, తరువాతే వైద్యం. ఈ పద్ధతులను మేము తక్కువ చేయడం లేదు. పాడైన నేలకు ఇవి కావలసిందే. ఇవి ఉన్నాయి కదా అన్న ధీమానే మేము వద్దంటున్నాము.

భోపాల్ బూడిద చెప్పే పాఠం

భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన ఫ్యాక్టరీలో మిగిలిన వ్యర్థాలు 40 ఏళ్లు అక్కడే ఉన్నాయి. చివరకు 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థాన్ని పీతంపూర్‌కు తరలించి, జూన్ నెలాఖరుకు కాల్చివేశారు. కాలేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరవడానికి సున్నం కలపవలసి వచ్చింది. అందువల్ల మిగిలిన బూడిద, ఇతర అవశేషాలు కలిపి 800 టన్నులు దాటాయి. కాల్చిన దానికంటే మిగిలినదే ఎక్కువ. దాన్ని మళ్లీ గొయ్యిలో భద్రపరచాలి. ఆ ఫ్యాక్టరీ నేల, దాని అడుగు నీరు సంగతి ఇంకా మిగిలే ఉంది. యంత్రం విషాన్ని మార్చగలదు, తగ్గించగలదు. మాయం చేయలేదు.

కంపెనీలు వద్దంటున్నామా?

లేదు. మేము రోజూ రోగులకు ఇచ్చే మందులు అటువంటి కంపెనీల్లోనే తయారవుతున్నాయి. ఆ జీతాలతో మన ఇళ్లలో పిల్లలు చదువుకుంటున్నారు. ఈ రెండూ మరచిపోయి మాట్లాడడం న్యాయం కాదు. వ్యర్థాన్ని సరిగా శుద్ధి చేస్తే మందు ధర కొంత పెరుగుతుందని కొందరంటారు. పెరగవచ్చు. కానీ ఆ ఖర్చు ఇప్పుడు లేకుండా పోలేదు. మాత్ర కొన్నవాడి బదులు వాగు ప్రక్కన పొలం ఉన్నవాడు, నూతి నీళ్లు త్రాగే బిడ్డ కడుతున్నారు. మందు చౌక కావడానికి వారెందుకు మూల్యం చెల్లించాలి?

చట్టాలు కూడా పూర్తిగా సరిపోవడం లేదు. ఫ్యాక్టరీ నీటిలో యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చో పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నియమాల్లో ఆ పరిమితులు లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీదే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మన దగ్గర చట్టంగా చేయాలన్నది మా అభిప్రాయం.

మంచి వార్త కూడా ఒకటుంది. 2025 జులైలో పాడైన నేలల కోసం మన దేశంలో మొదటిసారి ప్రత్యేక నియమాలు వచ్చాయి. అనుమానం ఉన్న చోట్ల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయించాలి. పాడు చేసిన వారే శుద్ధి ఖర్చు భరించాలి. ఆ సమయానికి దేశంలో గుర్తించిన స్థలాలు 103. శుద్ధి మొదలైనవి ఏడు. నియమం ఉంది, కానీ అడిగేవారు ఉంటేనే అది కదులుతుంది.

మనం చేయగలిగినవి

మా ఆసుపత్రుల సంగతి ముందు చెప్పాలి. 1998లో, మరల 2016లో వచ్చిన నియమాల ప్రకారం మేము వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరు చేస్తాము. మంచం ప్రక్కన వేరు చేయడానికి ఒక్క నిమిషం పడుతుంది. అన్నీ కలిసిపోయాక ఏ యంత్రమూ వేరు చేయలేదు. ఎరుపు డబ్బాలో అరటి తొక్కలు, పసుపు సంచిలో టీ కప్పులు వేయవద్దని రోగుల బంధువులకు పదే పదే చెప్పేది ఇందుకే. దయచేసి విసుక్కోవద్దు.

ఇంట్లో చేయవలసినవి:

మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను, సిరప్‌లను దొడ్లో, గెడ్డలో, చెరువులో పారవేయవద్దు. ఆసుపత్రికి వచ్చినప్పుడు తెచ్చి మాకు అప్పగించండి. అసలు మిగలకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడడం అన్నిటికంటే మంచిది.

ఇన్సులిన్ సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి తీసుకురండి.

పాత పాదరసం థర్మామీటరు పగిలితే చీపురుతో ఊడ్వవద్దు, చేత్తో తాకవద్దు. పిల్లల్ని బయటకు పంపి, కిటికీలు తెరచి, గట్టి అట్టముక్కతో పూసల్ని ఒకచోటికి చేర్చి, మూత ఉన్న సీసాలో పెట్టండి.

పురుగుమందు డబ్బాలను నూతి దగ్గర కడగవద్దు. వాటిలో నీళ్లు పట్టవద్దు.

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి. కానీ లోహాలు, లవణాలు పోవు. తేటగా ఉంది కదా అని నమ్మవద్దు. బోరు నీటి రంగు, వాసన, రుచి మారితే గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి చేత పరీక్ష చేయించండి. దగ్గరలో ఫ్యాక్టరీ ఉంటే లోహాలు, రసాయనాలు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి. మామూలు పరీక్షలో అవన్నీ చూడరు.

ఊరిలో చేయవలసినది ఒకటే. మన ప్రాంతానికి వచ్చే కొన్ని రకాల కొత్త ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. అక్కడికి వెళ్లండి, మహిళలు తప్పక వెళ్లండి, నీళ్లు మోసేది మనమే కనుక. ఉద్యోగాలు ఎన్ని అని అడగడం న్యాయమే. దానితో పాటు నాలుగు ప్రశ్నలు వేయండి. మీ వ్యర్థం ఏమిటి? ఎక్కడికి పోతుంది? మా నూతుల నీటిని పని మొదలవకముందే పరీక్షించి కాగితం మీద ఇస్తారా? తరువాత ఏటేటా చేసే పరీక్షల ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటిస్తారా? ముందటి పరీక్ష కాగితం లేకపోతే, రేపు నీరు పాడైనప్పుడు అది ముందు నుంచీ అలాగే ఉందంటారు.

టీకా వేయించిన రోజున బిడ్డకు ఏమీ జరగలేదు కదా అనిపిస్తుంది. ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. నేల విషయంలో కూడా మనం కోరుకోవలసింది అదే. మన మనుమలు ఇదే బోరు దగ్గర బిందె పెట్టి, ఏమీ ఆలోచించకుండా దోసిలి పట్టి త్రాగగలగాలి. ఆ కాగితం అడగడానికి ఈ ఏడాది మీ ఊరి నుండి ఎవరు వెళ్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నెల్లిమర్ల