పరీక్ష దాకా చేరని ప్రాణాలు

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానంతో బయాప్సీ చేసినప్పుడు తీసిన చిన్న ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. దాన్ని పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పట్టిచ్చే రంగు వేస్తారు. వంద క్యాన్సర్ కణాల్లో ఎన్నింటి అంచులు గోధుమరంగుకు తిరిగాయో పాథాలజిస్టు లెక్కపెడతారు. యాభైకి చేరితే చికిత్స దారే మారిపోవచ్చు. డబ్బున్న రోగికి కార్పొరేట్ ఆసుపత్రిలో మామూలుగా అందే ఈ లెక్క పేదవాడికీ అందాలన్న పట్టింపు పాలకులకు లేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

క్యాన్సర్ కణం ఈ ప్రొటీన్‌ను అడ్డుపెట్టుకొని మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలను నిలువరిస్తుంది. ఇలాంటి అడ్డులు తొలగించే దారి చూపిన శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. పీడీ-ఎల్1 యాభై శాతం, ఆపైన ఉన్న రోగులపై జరిగిన కీనోట్-024 పరీక్షలో, ఈ అడ్డు తొలగించే మందు పెంబ్రోలిజుమాబ్‌తో మొదలుపెట్టినవారిలో నూటికి దాదాపు 32 మంది అయిదేళ్లు బతికారు. కీమోతో మొదలుపెట్టినవారిలో 16 మందే. ఈ గుర్తు ఒక్కటే అంతా చెప్పేయదు, నిజమే. శాతం ఎక్కువున్నా మందు పనిచేయనివారున్నారు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటే దారి వేరు. అందుకే రెండు పరీక్షలూ కావాలి.

మన దేశంలో ఏటా 70 వేల మందికి పైగా ఈ జబ్బు బారిన పడుతున్నారు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకొని నెలల తరబడి ఆ మందులే వాడి, ముదిరాక రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గడప తొక్కేవారెందరో. అప్పుడు కూడా మందు ధర గుండె ఆపేస్తుంది. 2024 బడ్జెట్‌లో ఇదే తరహా మందు డుర్వాలుమాబ్‌పై కస్టమ్స్ సుంకం తీసేశారు. అయినా ఖర్చు లక్షల్లోనే ఉంది.

ఇలాంటి మందులను చౌకగా తయారుచేయడం మనకు చేతకాదా? తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు నడిస్తే ఒకే రోడ్డు మీద పరిశోధన సంస్థలు ఐఐసీటీ, సీసీఎంబీ కనిపిస్తాయి. ఇటు జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా క్యాంపస్. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చౌకగా తయారుచేసే పద్ధతిని ఏవీ రామారావు నాయకత్వంలో ఐఐసీటీయే సిప్లాకు అందించింది. క్యాన్సర్ మందు రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను 2007లోనే మార్కెట్‌కు తెచ్చింది హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్. పెంబ్రోలిజుమాబ్ తరహా మందు నివోలుమాబ్‌పై మన దేశంలో పేటెంట్ గడువు 2026 మే 2. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగులకు కీమోతోపాటు నివోలుమాబ్‌ను కేవలం 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. మామూలు మోతాదులో అది పదో వంతు కూడా కాదు. ఏడాది బతికినవారు నూటికి 16 నుంచి 43కి పెరిగారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఇది పనికొస్తుందో లేదో తేల్చే పరీక్షను ఎంఎన్‌జే, నిమ్స్‌లలో ప్రభుత్వమే డబ్బు పెట్టి చేయించాలి.

పీడీ-ఎల్1 కన్నా చౌకైన గుర్తు ప్రతి రోగి ఫైల్లోనూ ఉంది. మామూలు రక్తపరీక్ష కాగితం మీద న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అని రెండు వరుసలుంటాయి. మొదటిది రెండోదానికి ఎన్ని రెట్లు ఎక్కువైతే మనుగడ అంత తగ్గుతోందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెప్పాయి. మందు ఎంపికకు ఇది చాలదు, కానీ ముప్పు అంచనాకు పనికొస్తుంది. ఆ అంకెలను, పీడీ-ఎల్1 శాతాన్ని, రోగి ఎన్నాళ్లు బతికాడన్న వివరాన్ని ఒకచోట చేర్చడానికి కోట్లు అక్కర్లేదు. ఉస్మానియా జెనెటిక్స్, స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ఇంతకంటే విలువైన పరిశోధన ఏముంది? వేరే దేశాల రోగుల మీద తేల్చిన హద్దులు మనవాళ్లకు ఎంతవరకు సరిపోతాయో మన లెక్కలే చెప్పాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆ ప్యాకేజీల్లో పీడీ-ఎల్1, ఈజీఎఫ్ఆర్ పరీక్షలను పేరు పెట్టి రాయండి. ఏ ఆసుపత్రిలో ఎన్ని చేశారో ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి. ఆరోగ్యశాఖ మంత్రి దీనికి గడువు చెప్పి తీరాలి.