పేర్లు మారిన పూర్వికులు

ట్రినిడాడ్ ద్వీపంలో తాతముత్తాతల జాడ వెదకేవారికి ఒక్క భాష చాలదు. 1797 వరకు అది స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. 1783 తరువాత ఫ్రెంచి తోటల యజమానులు బానిసలతో సహా వచ్చి స్థిరపడ్డారు. అందుచేత పాత చర్చి రిజిస్టర్లలో స్పానిష్, ఫ్రెంచి భాషలు ఎదురవుతాయి. ఆపైన ఆంగ్లం. 1845లో భారతీయ కూలీలను తొలిసారి చేర్చిన ఓడ పేరు ‘ఫతహుర్రజ్జాఖ్’. దస్తావేజుల్లో అది ‘ఫాటెల్ రజాక్’ అయింది. ఓడ పేరే అలా మారినప్పుడు, భోజ్‌పురి, తమిళం, తెలుగు మాట్లాడిన నిరక్షరాస్యుల పేర్లు ఎంతగా మారి ఉంటాయో ఊహించవచ్చు! గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలాగే వ్రాశాడు. కనుక ఆ పేర్లను బిగ్గరగా చదివి చూడండి. వలస పత్రంలోని తండ్రి పేరు, ఊరు, జిల్లాతో సరిపోల్చండి. ఇంటి పెద్దల నోట మిగిలిన మాటలను నేడే వ్రాసి ఉంచమని కోరుతున్నాము.