కాంటా ముందు ఖాళీ చేతులు

ఎండాకాలంలో చెరువు నీళ్లు మోకాలి లోతుకు దిగాక మేడిపల్లి, కోరుట్ల వైపు ఊళ్లలో చేపలు పట్టే రోజు వస్తుంది. తెల్లవారకముందే గంగపుత్రులు, ముదిరాజులు వలలు భుజాన వేసుకుని నీళ్లలోకి దిగుతారు. కట్ట మీద కాంటా సిద్ధంగా ఉంటుంది. వల ఎంత పెద్దదైనా, చేప ఎంత గొప్పగా ఎగిరినా, చివరికి అందరి చూపూ ఆ కాంటా మీదే. ముల్లు పోయి అంకెలు వచ్చినా ఆ చూపు మారలేదు. ఏడాది కష్టానికి ఎంత వచ్చిందో చెప్పేది అదే కదా!

ఇలా కాంటా ముందు నిలబడటాన్నే జీవితకాలపు వృత్తిగా ఎంచుకున్న క్రీడాకారులు అమెరికాలో ఉన్నారు. వాళ్లు పట్టేది బ్యాస్ అనే మంచినీటి చేపను. అది మన కొర్రమీనులాగే వేటాడే చేప. పిల్లలకు కాపలా కాయడంలోనూ దానికి తోబుట్టువే. వల వేయకూడదు, గాలంతోనే పట్టాలి. సాధారణంగా రోజుకు ఐదు చేపలే తూకానికి తేవాలి. వాటిని పడవలోని నీళ్ల తొట్టిలో బతికే ఉంచాలి, చస్తే బరువులో కోత. తూచాక మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. కూర వండుకోని చేప కోసం ఇంత తంటాలా అని మన అమ్మలు నవ్వుతారేమో!

అలబామాకు చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంటు 1967లో ఆర్కన్సాలోని బీవర్ సరస్సులో 106 మందితో ఈ పోటీలకు నాంది పలికాడు. చేపను చంపకుండా వదిలే పద్ధతిని 1972లో మొదలుపెట్టిందీ ఆయనే. 1971లో తొలి బాస్‌మాస్టర్ క్లాసిక్ విజేతకు దక్కింది 10,000 డాలర్లు. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ బహుమతి 3,00,000 డాలర్లకు చేరింది.

అంకె చూసి ఇదేదో సుఖమైన బతుకు అనుకోవద్దు. వందమంది దిగితే మొదటి బహుమతి ఒక్కరికే. ప్రవేశ రుసుము, పడవ, డీజిలు, పెట్రోలు, వేల మైళ్ల ప్రయాణం అన్నీ ముందే చేతినుంచి పోతాయి. రిక్ క్లన్ హ్యూస్టన్‌లో ఎక్సాన్ కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా ఉండేవాడు. 1974లో ఆ ఉద్యోగం వదిలేసి గాలం పట్టుకున్నాడు. 1976, 1977, 1984, 1990లలో నాలుగుసార్లు క్లాసిక్ గెలిచాడు. చరిత్రలో మిగిలినవి ఆ నాలుగు. వాటి మధ్య వందల రోజులు గెలుపులేకుండా గడిచాయి. కొన్నాళ్లు ఒకటీ అరా చేపలతో, కొన్నాళ్లు ఏమీలేకుండా ఒడ్డుకు రావడం ఈ వృత్తిలో ప్రతివాడికీ తప్పదు. అలాంటి సాయంత్రం కూడా జనం చూస్తుండగా కాంటా పక్కగానే నడవాలి.

ఆ నడక భరించలేనివాళ్లు ఏం చేస్తారో 2022 సెప్టెంబరులో క్లీవ్‌లాండ్‌లో లోకమంతా చూసింది. అది బ్యాస్ పోటీ కాదు, ఈరీ సరస్సులో వాలై అనే చేప కోసం జరిగిన పోటీ. ఇద్దరు తెచ్చిన చేపలు చూపుకు కనిపించే బరువు ఒకటి, కాంటా చూపే బరువు మరొకటి. నిర్వాహకుడు అక్కడికక్కడే కడుపు కోసి చూస్తే సీసపు గుండ్లు రాలాయి, వేరే చేపల కండ ముక్కలు బయటపడ్డాయి. చుట్టూ ఉన్న తోటి జాలరులే కేకలు వేశారు. 2023లో ఆ ఇద్దరూ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. పది రోజుల జైలు పడింది, పడవ పోయింది, చేపలు పట్టే లైసెన్సూ కొన్నేళ్లపాటు రద్దయింది.

వాళ్లు చేపలు పట్టడం రానివాళ్లు కారు. అంతకుముందు ఎన్నో పోటీలు గెలిచినవాళ్లే. నన్ను అడిగితే, ఆ సీసపు గుండ్లు ఆశ కంటే భయంలోంచే ఎక్కువ పుట్టాయి. నిన్న గెలిచినవాడు ఇవాళ ‘ఏమీ పడలేదు’ అని చెప్పాలంటే నాలుక తిరగదు. గెలుపు అలవాటైనకొద్దీ ఆ చిన్న మాట బరువెక్కుతుంది. దొంగ రాళ్ల మీద, దొంగ త్రాసు మీద ధర్మశాస్త్రం అంత కఠినంగా మాట్లాడిందంటే, ఆ శోధన బజారున్న ప్రతిచోటా ఉందనే కదా! చెరువు కట్ట మీద కాంటాను అనుమానంగా చూసే మన జాలరికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో పేతురు, జెబెదయి కుమారులు, మరికొందరు రాత్రంతా వల వేశారు. వాళ్లు పుట్టిపెరిగిన సరస్సది, చిన్నప్పటినుంచీ చేసిన పని అది. తెల్లవారుతుండగా ఒడ్డున నిలబడి తినడానికి ఏమైనా దొరికిందా అని అడిగినవాడు ఎవరో వాళ్లింకా గుర్తుపట్టలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఏదో ఒకటి చెప్పి పరువు కాపాడుకోవచ్చు. గాలి బాగా లేదనవచ్చు, నీళ్లు మారాయనవచ్చు. కానీ లేదన్నారు, అంతే. ఆ తరువాత వల నిండినప్పుడు మాత్రం చేపలు ‘చాలా’ అని వదిలేయలేదు. 153 అని లెక్క రాసి ఉంది. ఖాళీ వలను ఖాళీ అని చెప్పిన నోటినుంచి వచ్చిన లెక్క కాబట్టే, ఆ అంకె మీద నాకు నమ్మకం.

క్లన్ సంగతికి వస్తే, 1990 తర్వాత క్లాసిక్ మళ్లీ ఆయనకు దక్కలేదు. కుర్రవాళ్లు వచ్చారు, నీటి అడుగును తెరమీద చూపే యంత్రాలు వచ్చాయి, ఆయన పేరు జాబితాల్లో కిందికి జారింది. అయినా ఏటేటా రుసుము కట్టి, దొరికిందేదో అదే తూకానికి పెడుతూ వచ్చాడు. 2016 మార్చిలో, 69 ఏళ్ల వయసులో, ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నదిలో జరిగిన పోటీలో అందరికంటే ఎక్కువ బరువు తెచ్చాడు. 2019 ఫిబ్రవరిలో, 72 ఏళ్లప్పుడు, అదే నదిలో మళ్లీ గెలిచాడు. తూకం రాసుకున్నాక ఆ చేపలు నీళ్లలోకి వెళ్లిపోయాయి.