మీటల పొందికయు పాఠశుద్ధియు

“దుఃఖము” అను పదమున విసర్గకు బదులుగా ఆంగ్లలేఖనమునందలి కోలన్ చిహ్నము నిలుచుట నేటి కంప్యూటరు ప్రతులలో తఱచుగా కానవచ్చుచున్నది. చూపునకు రెండును ఒకటే. యంత్రమునకు మాత్రము వేఱు. విసర్గతో వెదకినచో కోలన్‌తో వ్రాసిన పదము దొరకదు. అకారాది పట్టికలో అది తన చోట నిలువదు. అనుస్వారమునకు మాఱుగా సున్న అంకెను వ్రాయుట, ఱకారము దొరకక రేఫతో సరిపుచ్చుట ఈ కోవలోనివే. ర-ఱలకు ప్రాసమైత్రిని అంగీకరింపని లాక్షణికుల మతము నెఱిగిన పరిష్కర్తకు ఇది స్వల్పదోషము కాదు.

దీనిని వ్రాయసగాని అజ్ఞానముగా తలచుట పరిపాటి. అది న్యాయము కాదు. మీట నొక్కినపుడు యంత్రమునకు చేరునది అక్షరము కాదు, ఆ మీటకు గల సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఏ వర్ణమగునో నిర్ణయించునది లేఅవుట్, అనగా మీటల పొందిక. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఏర్పఱచిన ఇన్‌స్క్రిప్ట్ పొందికలో విసర్గ షిఫ్ట్‌తో కూడిన హైఫన్ మీటపైనను, ఱకారము షిఫ్ట్‌తో కూడిన జె మీటపైనను కలవు. లినక్స్ వ్యవస్థలో తెలుగునకు ఇన్‌స్క్రిప్ట్ గాక ఉచ్చారణను అనుసరించు కగప పొందికయు కలదు. ఒకటి అమర్చియుండగా వేఱొకటి యున్నదని తలచి వ్రాయువానికి విసర్గ చేతికందదు. అందిన కోలన్‌తో అతడు పని గడుపుకొనును. ఆంగ్లమునను ఇదే చిక్కు. అమెరికా పొందికకు బదులు బ్రిటిష్ పొందిక యున్నచో షిఫ్ట్‌తో 2 నొక్కగా ‘ఎట్’ చిహ్నమునకు మాఱు ఉద్ధరణ చిహ్నము వచ్చును. సందేహము కలిగినపుడు ఈ పరీక్ష చాలును.

సవరణ కష్టమైనది కాదు. చేయవలసిన చోట చేయకుండుటయే లోపము. ‘సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్’ ఆజ్ఞతో చేసిన మార్పు ఆ పూటకే. యంత్రమును మరల తెఱచినపుడు నిలువదు. వేలాండ్ పద్ధతిపై నడచు డెస్క్‌టాప్‌నందు అది సామాన్యముగా పనిచేయదు. డెస్క్‌టాప్ సెట్టింగులలోని కీబోర్డు విభాగమున తగిన పొందికను చేర్చి, అక్కఱలేనివానిని తొలగింపవలెను. పలువురు అధ్యాపకులు ఒకే యంత్రమును వాడు కళాశాలలో ఎవరికి వారు వేఱు ఖాతా కలిగియుండుట మేలు. లేనిచో ఉదయము ఒకరు మార్చినది మధ్యాహ్నము వేఱొకరి వ్రాతను చెఱచును.

పొందిక సరిపడినంత మాత్రమున పాత ప్రతులు శుద్ధములు కావు. ఒక్క ఆజ్ఞతో కోలన్‌లన్నిటిని విసర్గలుగా మార్చుట సాహసమే యగును; “ఉదా:” వంటి చోట్ల కోలన్ యథార్థముగా కోలనే. రెండు తెలుగు అక్షరముల నడుమ నున్నవానిని మాత్రమే వెదకి, ఒక్కొక్కదానిని కంటితో చూచి మార్పవలెను. రేఫగా మాఱిన ఱకారమునకు ఈ ఉపాయమును పనికిరాదు. అచ్చట మూలప్రతిని మరల విప్పవలసినదే.