ఈసెట్ పిల్లలకు మంచమేదీ?

ఏటా వేసవిలో ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, పాలిటెక్నిక్ పిల్లలు బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు పిల్లల్లో చాలామంది చూపు విశాఖ కాలేజీల మీదే ఉంటుంది. కన్వీనర్ సీటిస్తారు. అర్హత ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఫీజు కడుతుంది. రాత్రికి ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం ఎవరి ఫైలులోనూ ఉండదు.

కూర్మన్నపాలెంలో మా పై వాటాలో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. ఇద్దరికి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం. మూడోవాడిది పలాస దగ్గర ఊరు, తండ్రి జీడిపప్పు బట్టీలో కూలి. మంచి ర్యాంకు తెచ్చుకుని తగరపువలస వైపు ఒక కాలేజీలో మెకానికల్‌లో చేరాడు. ఇల్లు నగరానికి ఈ కొస, కాలేజీ ఆ కొస. ‘హాస్టల్ అడగలేదా బాబూ’ అంటే, ‘అడిగాను బాబాయ్‌గారూ. ఫస్టియర్‌కి కొత్త లిస్టట, సీనియర్లకి రెన్యువల్ లిస్టట. మన పేరు రెండిట్లోనూ రాదట’ అన్నాడు. మద్దిలపాలెం దగ్గర ప్రైవేటు హాస్టల్లో ఉందామంటే నెలకు ఆరేడు వేలు అడిగారట. ఇక్కడ పాత క్లాస్‌మేట్లతో అద్దె పంచుకుంటే అందులో మూడో వంతుతో సరిపోతుందని ఇంత దూరం వచ్చిపడ్డాడు.

తెల్లారి ఐదింటికే పైన కుక్కర్ కూత వినబడుతుంది. ఆరున్నరకల్లా జంక్షన్‌లో బస్సెక్కాలి. గాజువాక దాటేసరికి కాలు మోపే జాగా ఉండదు. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు నుంచి వచ్చే కంటైనర్ లారీలు హైవేలో కలుస్తాయి, అక్కడ ఎంతసేపు ఆగాలో డ్రైవరే చెప్పలేడు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ వచ్చాక ఆ ముక్క ఒక్కటీ నయం. మద్దిలపాలెంలో దిగి మళ్లీ 222 నంబరు బస్సు పట్టుకోవాలి. మొదటి పీరియడ్ సగం పోయాక క్లాసులో అడుగుపెడతాడు. సాయంత్రం ల్యాబ్ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర, ఎనిమిది. ఆ తర్వాత అన్నం వండుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, రికార్డు రాసుకోవాలి. లెక్కల పుస్తకం తెరిచేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి.

దూరం నుంచి వచ్చి చదివేవాళ్లు ఎందరు లేరు, వీళ్ల కష్టమే ప్రత్యేకమా అని అడిగేవారున్నారు. ప్రత్యేకమే. మిగతావాళ్లకు నాలుగేళ్లు, వీళ్లకు మూడే. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో రోల్ నంబరు చూస్తేనే తెలిసిపోతుంది. అందరికీ 1ఏ ఉన్నచోట వీళ్లకు 5ఏ ఉంటుంది. మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్సు ఆ క్లాసులో వీళ్లు వినలేదు. రెండో ఏడాది లెక్చరర్ ‘ఇది మీకు తెలిసిందే’ అని దాటేసే చోటే వీళ్లు ఆగిపోతారు. స్నేహాలు కూడా అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. అలాంటి పిల్లాడికి రాత్రి పదింటికి పక్క గది తలుపు తట్టి ‘ఈ ఇంటిగ్రేషన్ ఒక్కటి చెప్పరా’ అని అడిగే వీలుండాలి. ఈ డిప్లొమా పిల్లాడి దగ్గరా నేర్చుకోవలసింది ఉంది. లేత్ మీద చేయి తిరిగినవాడు, డ్రాయింగ్ చదవగలవాడు. ఒకే వరండాలో ఉంటే చదువు రెండు వైపులా సాగుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. నేనూ డిప్లొమా వాణ్నే. ఎనభైల చివర్లో విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో ట్రైనీగా చేరి, వైర్ రాడ్ మిల్లులో రిటైరయ్యాను. చేరిన రోజునే ట్రైనీల హాస్టల్లో మంచం చూపించారు. ‘ఏ’ షిఫ్టు ఉదయం ఆరింటికి మొదలవుతుంది. ఆ వేళకు మనిషి మిల్లు దగ్గర ఉండాలంటే రాత్రి దగ్గర్లోనే పడుకోవాలని ప్లాంటు కట్టినవాళ్లకు తెలుసు. అందుకే ప్లాంటు పక్కనే ఉక్కునగరం కట్టారు. మొదటి రెండేళ్లు నేను పని నేర్చుకున్నది షిఫ్టులో కొంత, రాత్రిపూట హాస్టల్ మెట్ల మీద సీనియర్ల మాటల్లో కొంత.

ఈ సంగతి విశ్వవిద్యాలయాలకు తెలియనిదా? ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి కాలంలోనే విద్యార్థి ప్రాంగణంలో ఉండి చదవాలన్న తలంపుతో దాన్ని మలిచారు. నూరేళ్ల కిందటే మన పెద్దలకు తట్టిన ఆలోచన ఇది.

‘వాళ్లు ఆలస్యంగా చేరతారు, ఎందరొస్తారో ముందు తెలియదు’ అన్నది, ఈసెట్ పిల్లలకు హాస్టల్ ఎందుకివ్వరంటే కాలేజీల నుంచి నేను విన్న జవాబు. దీన్ని నేను ఒప్పుకోను. లేటరల్ ఎంట్రీకి, అంటే ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లకు, మంజూరైన సీట్ల మీద 10 శాతం అదనపు సీట్లున్నాయి. అరవై మంది బ్రాంచికి ఆరుగురు. మొదటి ఏడాది నుంచి ఖాళీగా మిగిలిన సీట్లు ఉంటే ఇంకొందరు. ఈ లెక్క కౌన్సెలింగ్‌కు ముందే ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంటుంది. మధ్యలో మానేసినవాళ్ల మంచాలు ఎన్ని ఖాళీ అయ్యాయో వార్డెన్‌కు తెలుసు.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద చాలా ఆర్టీసీ బస్సుల్లో వాళ్లకు టికెట్ ఖర్చు లేదు. ఎంతో మంచి పని, చాలా ఇళ్లకు నిజమైన ఊరట. కానీ రోజుకు ఐదు గంటలు బస్సులో పోతే ఆ గంటలను ఏ పథకమూ తిరిగివ్వదు. హాస్టల్ లేదనగానే వచ్చిన సీటు వదిలించి కూతుర్ని ఇంటికి తీసుకుపోయిన తండ్రిని నేను ఎరుగుదును. ఇక మెట్రో అంటారు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల లైను ప్రణాళికలో ఉంది, వస్తే మా పై వాటా కుర్రాడి లాంటివాళ్లకు వరమే. ఈలోపు వీళ్ల మూడేళ్లూ అయిపోతాయి.

డబ్బు చేతికిస్తే చాలదా అన్న వాదనా విన్నాను. 2020లో ప్రభుత్వ వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 రూపాయలన్నారు. నెలకు పదిహేడు వందలైనా పడదు. ఈ నగరంలో ఆ డబ్బుకు మంచం దొరకదు, దొరికినా భోజనం దొరకదు.

కాబట్టి ఉన్నత విద్యామండలికీ, వైస్ చాన్సలర్లకూ, ప్రిన్సిపాళ్లకూ నా విన్నపం ఇది. ప్రతి హాస్టల్లో ఈసెట్ పిల్లల కోసం మంచాలు ముందే పక్కన పెట్టండి. దరఖాస్తు ఎవరిది ముందొచ్చిందని కాక, ఇల్లు ఎవరికి ఎక్కువ దూరమో చూసి ఇవ్వండి. మంచం ఇవ్వలేకపోతే ఆ మాట సీటు కేటాయింపు ఉత్తర్వులోనే రాయండి. ఆ కాలేజీలో చేరాలో వద్దో ఆ కుటుంబం కళ్లు తెరుచుకుని నిర్ణయించుకుంటుంది. ఆర్టీసీ అధికారులు కూడా కూర్మన్నపాలెం నుంచి తగరపువలస దాకా ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో బస్సు మారనక్కర్లేని సర్వీసులు కాలేజీ వేళలకు నడిపి చూడాలి. వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వెలువడేలోపే ఈ పనులు మొదలుపెట్టండి.