చేపకు చేపే మేతా?

పెద్దచేప చిన్నచేపను మింగుతుందన్న మాట మీరందరూ విన్నదే. బలవంతుడు బలహీనుణ్ణి కబళించే పద్ధతికి మన పెద్దలు 'మత్స్యన్యాయం' అని పేరు పెట్టారు. సముద్రంలో జరిగే మత్స్యన్యాయాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అది ప్రకృతి. కాని పెంపుడు చేప కోసం సముద్రంలోని చేపను పట్టి, ఉడికించి, పిండి, ఎండబెట్టి, పొడిచేసి మేతగా వేయడం ప్రకృతి చేసే పని కాదు, మనిషి చేసే పని. మనిషి చేసే పని గనుక అది సబబేనా అని అడిగే హక్కు మనకు ఉంది. అడగవలసిన అవసరం అంతకంటే ఎక్కువగా ఉంది.

ప్రపంచంలో పెంచిన చేపలు, రొయ్యలు వగైరా జలజీవుల ఉత్పత్తి 2022లో మొదటిసారిగా సముద్రాల్లో, నదుల్లో వేటాడి పట్టినదానిని మించిపోయింది. అది 9 కోట్ల 40 లక్షల టన్నుల పైమాట. ఇది సంతోషించవలసిన వార్తే. పెంపకం పెరిగితే సముద్రం మీద భారం తగ్గుతుందని మనం అనుకుంటాం. అయితే పట్టిన చేపల్లో ఏటా కోటిన్నర టన్నులకు పైగా మనుషుల పళ్ళెంలోకి రాకుండా పొడిగా, నూనెగా మారిపోతున్నాయి. అందులో ఎక్కువ భాగం తిరిగి పెంపుడు చేపలకూ, రొయ్యలకూ మేతగానే వెళుతున్నది. ఒక చేత్తో సముద్రాన్ని కాపాడుతూ, రెండో చేత్తో దోచుకుంటున్నామన్నమాట!

చేపపొడిలో ఏముంది?

వ్యాపారంలో 'ఫిష్‌మీల్' అని పిలిచే ఈ చేపపొడిలో నూటికి 60 నుండి 70 పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. పచ్చిచేపలో అధికభాగం నీరే గనుక, ఒక కిలో పొడి రావాలంటే నాలుగు నుండి అయిదు కిలోల చేప కావాలి. అయినా మేత తయారుచేసేవారు దీనిని అంతగా ఎందుకు కోరుకుంటారు?

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో నిర్మితమవుతాయని మీరు పాఠాల్లో చదివారు. ఇవి ముఖ్యంగా 20 రకాలు. వీటిలో 10 రకాలను చేప తన శరీరంలో తయారుచేసుకోలేదు. అవి మేతలోనే దొరకాలి. పాత అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చేవారు. 'క' అక్షరాల అర ఖాళీ అయిపోతే, మిగతా అరలన్నీ నిండుగా ఉన్నా పుట పూర్తయ్యేది కాదు. చేప కండ పెరగడం కూడా అంతే. మెథియోనిన్ అనే ఒక్క ఆమ్లం చాలకపోతే, మిగిలినవి ఎంత సమృద్ధిగా ఉన్నా పెరుగుదల అక్కడే ఆగిపోతుంది. వాడుకోని ఆమ్లాలను చేప శరీరం విడగొడుతుంది. వాటిలోని నత్రజని అమ్మోనియాగా మారి, ముఖ్యంగా మొప్పల ద్వారా నీటిలోకి చేరుతుంది. అంటే రైతు డబ్బు పోసి కొన్న మేత చెరువు నీటిని పాడుచేసే విషమవుతుంది.

చేపపొడిలో ఈ అక్షరాలన్నీ చేపకు కావలసిన పాళ్ళలోనే ఉంటాయి. సులభంగా జీర్ణమవుతుంది. దాని వాసనకు చేపలు ఇష్టంగా మేతకు వస్తాయి. కనుక దానిని వాడేవారు తెలివితక్కువవారేమీ కాదు. దానికి బదులు వెతకడం ఎందుకు తేలిక కాదో ముందు తెలుసుకుంటేనే మన వాదానికి బలం వస్తుంది.

పెరూ నేర్పిన పాఠం

దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు తీరంలో ఆంకోవెటా అనే చిన్నచేప ఉంది. మన తీరంలో దొరికే నెత్తళ్ళకు ఇది దగ్గరి బంధువు. అక్కడ సముద్రం అడుగునుండి చల్లని నీరు లవణాలను మోసుకుంటూ పైకి ఉబికి వస్తుంది. ఆ లవణాలతో సూక్ష్మమైన ప్లవకాలు, ప్లవకాలతో ఆంకోవెటా వృద్ధి చెందుతాయి. 1970లో ఆ ఒక్క చేపనే కోటి 20 లక్షల టన్నులకు పైగా పట్టారు. దాదాపు అంతా పొడి చేశారు. 1972లో ఎల్ నినో వచ్చింది. ఉపరితలం వేడెక్కింది, అడుగునుండి లవణాలు రావడం తగ్గిపోయింది. అప్పటికే మితిమీరిన వేటతో చిక్కిపోయిన చేప దానిని తట్టుకోలేకపోయింది. 1973లో 20 లక్షల టన్నులు కూడా దొరకలేదు.

చేపపొడి కరువైతే కోళ్ళకు, పశువులకు ఏం పెట్టాలి? అందరూ సోయాచిక్కుడు వైపు పరుగెత్తారు. ఇతర కారణాలు కూడా తోడై ధరలు మండిపోయాయి. 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులను కొంతకాలం నిలిపివేసింది. పెరూ తీరంలో నీరు వేడెక్కితే జపాన్‌లో సోయా కోసం ఆందోళన పుట్టింది! ఇదంతా పాతకథ అనుకోకండి. 2023లో కూడా ఎల్ నినో మూలంగా, వలలో పడేవాటిలో పిల్లచేపలే ఎక్కువగా ఉండడంతో, పెరూ తన ప్రధాన తీరంలో ఆ ఏటి మొదటి వేటకాలాన్ని రద్దు చేయవలసివచ్చింది.

ఆంకోవెటా ఎలాగూ మనుషులు ఎక్కువగా తినేది కాదు కదా, పొడి చేస్తే నష్టమేమిటని కొందరంటారు. సముద్రపక్షులు, పెద్దచేపలు దానిమీద ఆధారపడి బతుకుతున్నాయన్నది ఒక జవాబు. రెండో జవాబు పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. సెనెగల్, గాంబియా, మారిటేనియా తీరాల్లో దొరికే సార్డినెల్లా అనే చేప అక్కడి పేదల నిత్యాహారం. మన కవళ్ళ జాతిదే. దానిని కూడా పొడి కర్మాగారాలు కొనేస్తున్నాయి. కర్మాగారం ఇచ్చే ధరతో బజారులో చేపను ఎండబెట్టి అమ్ముకునే స్త్రీ పోటీ పడలేదు. పేదవాడి కూరలో చేప ధనికుడి విందులో చేపకు మేత అవుతున్నది. మత్స్యన్యాయం అంటే ఇదే!

నార్వేలో ఒకటి, కొల్లేటిలో ఒకటి

అయితే దీనికి మార్గం లేదా? ఉంది. రెండు ఉదాహరణలు చూడండి.

నార్వేలో పెంచే సాల్మన్ మాంసాహారి. 1990లో దాని మేతలో చేపపొడి నూటికి దాదాపు 65 పాళ్ళు ఉండేది. 2020 నాటికి అది సుమారు 12 పాళ్ళకు దిగింది. ఇప్పుడొక చిన్న లెక్క వేయండి. కిలో చేప పెరగడానికి 1.2 కిలోల మేత, కిలో పొడికి 4.5 కిలోల పచ్చిచేప కావాలనుకుందాం. పాత మేతతో 780 గ్రాముల పొడి, అంటే దాదాపు మూడున్నర కిలోల చేప ఖర్చు. కొత్త మేతతో 144 గ్రాముల పొడి, అంటే సుమారు 650 గ్రాముల చేప చాలు. చేపనూనె లెక్క వేరు. నూనెలోని ఒమేగా-3 కొవ్వులను పప్పుగింజల నుండి పూర్తిగా రాబట్టలేం గనుక, సూక్ష్మ శైవలాల నుండి వాటిని తీసి వాడడం మొదలయింది. నిజానికి చేపలోని ఒమేగా-3లకు తొలి పుట్టిల్లు ఆ శైవలాలే.

రెండో ఉదాహరణ మన కొల్లేటి ప్రాంతానిదే. ఉభయ గోదావరి, కృష్ణా ప్రాంతాల చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపలను పెంచే రైతులు నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క వంటివి కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకు కడతారు. చేపలు ఆ చిల్లుల దగ్గరకు వచ్చి మేత లాక్కుని తింటాయి. ఇందులో సముద్రపు చేప అవసరమే ఉండదు. మరి అమైనో ఆమ్లాల లోటు సంగతేమిటంటారా? చెరువులో సహజంగా పెరిగే ప్లవకాలే ఆ లోటు తీరుస్తాయి. ఎరువు వేసి ప్లవకాలను పెంచడంలోని రహస్యం ఇదే. పంజరంలోని సాల్మన్‌కు ఈ అదృష్టం లేదు.

కాని మన రొయ్యల సంగతి వేరు. 2009లో మన దేశంలో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక, ఆంధ్రప్రదేశ్ ఈ రంగంలో దేశంలోనే మొదటి స్థానంలోకి వచ్చింది. రొయ్య మేతలో మాంసకృత్తులు నూటికి 30 పాళ్ళకు పైగా కావాలి. ఆ మేతలో చేపపొడి ఇప్పటికీ ముఖ్యమైన భాగం. మన ముందున్న పని ఇక్కడే ఉంది.

బదులు వస్తువులు, వాటి చిక్కులు

సోయాపిండి చవక. కాని అందులో మెథియోనిన్ తక్కువ. పచ్చి గింజలో ట్రిప్సిన్ ఎంజైమును అడ్డుకునే పదార్థం ఉంటుంది. సరిగా వేడిచేస్తేనే అది నశిస్తుంది. గింజల్లోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండి చేపకు జీర్ణం కాదు. అది విసర్జనతో నీటిలో చేరి పాచిని పెంచుతుంది. అందుకే ఫైటేజ్ అనే ఎంజైమును మేతలో కలుపుతారు. వేరుశనగ, పత్తిగింజల చెక్కలకు తేమ తగిలితే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960 ప్రాంతంలో అమెరికాలోని పెంపకశాలల్లో ట్రౌట్ చేపలకు పెద్దయెత్తున కాలేయపు కంతులు వచ్చాయి. బూజుపట్టిన పత్తిగింజల పిండే కారణమని తరువాత తేలింది.

ఇక బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ ఉంది. దాని పురుగులు కుళ్ళిన కూరగాయలు, పండ్ల వ్యర్థాలు తిని బలుస్తాయి. ఎండబెట్టిన పురుగులో నూటికి 40 పాళ్ళ వరకు మాంసకృత్తులుంటాయి. ఐరోపా సమాఖ్య 2017లో ఇటువంటి కీటకాల పిండిని చేపల మేతలో వాడడానికి అనుమతించింది. వీటితోపాటు బాక్టీరియా, ఈస్టు వంటి ఏకకణ జీవుల మాంసకృత్తులూ తయారవుతున్నాయి. వీటి చిక్కల్లా ధర. కాగా, చేపలు శుభ్రం చేసేటప్పుడు మిగిలే తలలు, ముళ్ళు, లోపలి భాగాల నుండి కూడా పొడి తీస్తున్నారు. ప్రపంచంలో తయారయ్యే చేపపొడిలో ఇప్పుడు మూడోవంతు దాకా ఇటువంటిదే.

నా అభిప్రాయం

మేతలో చేపపొడిని ఒక్కసారిగా సున్నా చేయాలని నేను అనను. రైతు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. మేత మార్చి పంట పోతే నష్టపోయేది ఉపన్యాసం చెప్పినవాడు కాదు, అప్పు తెచ్చిన రైతు. కనుక కొత్త మేతను ముందు పరిశోధనాలయంలో, తరువాత నిజమైన చెరువుల్లో పరీక్షించి, ఆ తరువాతే రైతు చేతికివ్వాలి. పరీక్షల భారం ప్రభుత్వ సంస్థలూ, మేత కంపెనీలూ మోయాలి.

బదులు వస్తువు దేనినైనా మూడు ప్రశ్నలతో తూచాలి. అది మనిషి తినే తిండి నుండి తీసినదా, మనిషి వదిలేసినదా? దానిని పండించడానికి అడవి నరికారా? వాడాక చెరువు నీరు ఎలా ఉంటుంది? అడవి కొట్టి పండించిన సోయాతో సముద్రాన్ని కాపాడామనుకుంటే, ఇంటి కప్పు పీకి పొయ్యిలో పెట్టినట్టే. తవుడు, చెక్క, చేపల వ్యర్థాలు, కూరగాయల తుక్కు తిన్న పురుగులు ముందు రావాలి. ఏ జాతి వ్యర్థాన్ని ఆ జాతికే మేతగా పెడితే రోగాలు తిరిగివచ్చే ప్రమాదముంది గనుక ఆ జాగ్రత్త కూడా ఉండాలి. ఇంకొక మాట. మేత బస్తామీద మాంసకృత్తుల శాతం రాసినట్లే, అందులో సముద్రపు చేప ఎంత ఉందో కూడా రాయాలి. కొనేవాడికి తెలియనిది తగ్గదు.

మీలో చేపల చెరువులకు దగ్గరగా ఉండేవారు ఒక పని చేయండి. రైతును అడిగి మేత బస్తామీది వివరాలు రాసుకోండి. ఎన్ని కిలోల మేతకు ఎన్ని కిలోల చేప వచ్చిందో కనుక్కుని భాగించి చూడండి. చెరువులు లేని ఊళ్ళవారు చేపల బజారులో తలలు, పొట్టభాగాలు ఎక్కడికి పోతున్నాయో, వారంలో ఎన్ని బుట్టలు పారవేస్తున్నారో లెక్కపెట్టండి. మురుగుకాలువలో పడుతున్న ఆ బుట్టల్లో ఎంత మేత ఉందో మీకే తెలుస్తుంది.